సముద్రం, మెట్ట, మధ్యలో బావగారు

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు రాశారు, పేరు వేయొద్దన్నారు. వయసు 41. ఇంట్లో భార్య, పదమూడేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు, 67 ఏళ్ళ తల్లి. తల్లికి షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. రోజూ ఇన్సులిన్ వేసుకుంటారు. 2018లో కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది, 38 వేల కిలోమీటర్లే తిరిగింది. ఈయన డ్రైవింగు మొదలుపెట్టి రెండేళ్ళే అయింది. ఇంట్లో ఇంకెవరికీ డ్రైవింగ్ రాదు.

పాప ఎక్కడిదో ఒక వీడియో చూసింది. ఒక పక్క సముద్రం, కొండ దాటితే ఎడారి. "మనకిలాంటి రోడ్డు లేదా నాన్నా" అని అడిగింది. అంతే, ఈయన డైరీ తీసి సంక్రాంతి సెలవులకు నాలుగు రోజుల యాత్ర రాసేశారు: మైపాడు, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం, మోటుపల్లి, ఓడరేవు, మాలకొండ, భైరవకోన, ఉదయగిరి, కంభం చెరువు, యాగంటి, బెలుం, గండికోట, సోమశిల. మొత్తం 14 చోట్లు, 870 కి.మీ. అక్కగారి భర్త తన కారులో నలుగురితో కలుస్తానన్నారు. ఆయన మాట ఒకటే: "రాత్రి పన్నెండుకు బయల్దేరితే సూర్యోదయానికి గండికోటలో ఉంటాం, రోడ్లు ఖాళీ." భార్య మాత్రం "మీరూ మీ బావా వెళ్ళిరండి, నేనూ అత్తయ్యా ఇంట్లో ఉంటాం" అనేసింది. నిరుడు ఇలాగే వెళ్ళి, తిరిగొచ్చాక వారం రోజులు మాటల్లేవట.

ఆయన అడిగినవి: నాలుగు రోజులు చాలవా? అమ్మను తీసుకెళ్ళొచ్చా? కారు తట్టుకుంటుందా? బావగారికి ఎలా చెప్పాలి? చివర్లో ఒక తాజాకలం: పాప ఫ్లెమింగోలను కూడా చేర్చమంటోంది.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు పేజీలు రోడ్ల గురించే ఉంది. మీ ఆవిడ గురించి ఒక్క పేరా రాశారు, అదీ చివర. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. నిరుడు నాలుగు గంటలు ఎక్కడా ఆపలేదని, ఆ భయంతో ఆమె తిరుగు ప్రయాణంలో నీళ్ళు తాగడమే మానేసిందని మీరే రాశారు. ఆ మాట రాసి కూడా ఆమె ఎందుకు రానంటోందో అర్థం కావడం లేదంటే ఎలాగండీ? ఆమె వద్దంటున్నది యాత్రను కాదు, ఆగని కారును. ఏ రోజు ఏ ఊళ్ళో ఎన్నింటికి ఆగుతారో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. రెండు గంటలు మించి ఆగకుండా నడపనని అందులో మొదటి గీత రాయండి. పెద్ద కంపెనీల పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లుంటాయి. తాళం వేసుంటే అడిగి తీయించుకోవాలి. దానికోసం పెట్రోలు పోయించుకోవాల్సిన పనేం లేదు. ఊరు దాటాక కాదు, ఊళ్ళో ఉన్న బంకులోనే ఆపండి. ఒక్కోసారి తర్వాతి బంకు గంట దూరంలో ఉంటుంది.

ఇక మీ డైరీ లెక్క చూద్దాం. మీరు కిలోమీటర్లు కూడారు, నేను గంటలు కూడాను. నెల్లూరు–ఒంగోలు జాతీయ రహదారి మీద గంటకు 60 సగటు పడుతుంది. మెట్ట లోపలి రోడ్ల మీద ఊళ్ళు, గేదెలు, స్పీడు బ్రేకర్లు కలుపుకుంటే 35–40 పడితే గొప్ప. మొత్తమ్మీద 42 అనుకోండి, 870 కి.మీ.కు 21 గంటల డ్రైవింగు. ఒక్కో చోట దిగి, చూసి, ఎక్కడానికి గంటన్నర చొప్పున 14 చోట్లకు మరో 21 గంటలు. మూడు పూటలా తిండికి పూటకు ముప్పావు గంట చొప్పున నాలుగు రోజులకు 9 గంటలు. అంతా కలిపి 51. జనవరిలో మన దగ్గర ఆరూ నలభైకి తెల్లారి ఆరుకల్లా పొద్దుగూకుతుంది. అంటే నాలుగు రోజులకు వెలుతురున్నది దాదాపు 45 గంటలు. మిగిలిన ఆరు గంటలూ చీకట్లో, రెండేళ్ళ అనుభవంతో, తెలియని మెట్ట రోడ్ల మీద పడతాయి. నిరుటి గొడవ కూడా ఏదో ఒక సాయంత్రం ఇలాంటి మిగులు గంటల్లోనే పుట్టుంటుందని నా అనుమానం.

ఇంకొకటుంది, పటం చూస్తే తెలియదు. మనకు సముద్రం ఒడ్డునే సాగే రోడ్డు లేదు. జాతీయ రహదారి తీరానికి లోపలగా పోతుంది. దానికీ సముద్రానికీ మధ్య బకింగ్‌హామ్ కాలువ, ఉప్పుటేర్లు, రొయ్యల చెరువులు. ప్రతి బీచికీ రహదారి మీద నుంచి విడిగా ఒక రోడ్డు దిగుతుంది, మళ్ళీ అదే రోడ్డున వెనక్కి రావాలి. దువ్వెనలా ఉంటుందన్నమాట. వెన్ను రహదారి, పళ్ళు బీచిలు. ఒక పంటి చివర నుంచి పక్క పంటి చివరకు నేరుగా పోదామంటే మ్యాపు చూపించే దారి చెరువు గట్టు మీదిదో, కాలువ దగ్గర ఆగిపోయేదో అవుతుంది. అందుకే మీ ఆరు తీర స్థలాల్లో రెండో మూడో తీసుకుని మిగతావి వదిలేయండి. మైపాడు మీ ఇంటికి పాతిక కిలోమీటర్లు, ఏ ఆదివారమైనా పోవచ్చు. దాన్ని ఈ జాబితాలో పెట్టుకోవడం అనవసరం.

ఒంగోలు దాటాక సంగతి కొంచెం వేరు. అక్కణ్ణుంచి చీరాల వైపు వెళ్ళే 216వ జాతీయ రహదారి తీరానికి దగ్గరగా నడుస్తుంది. చినగంజాం దగ్గర ఉప్పు మడులు కనిపిస్తాయి. జనవరిలో వెళితే తెల్లటి కుప్పలు ఉంటాయని పిల్లలకు మాటివ్వకండి. ఈశాన్య రుతుపవనం వానలు పోయాక మడులు చదును చేసి ఉప్పునీళ్ళు పెట్టే కాలం అది. మడుల్లో ఆకాశం అద్దంలా కనిపిస్తుంది, అదీ చూడదగ్గదే. కుప్పలు కావాలంటే మార్చి తర్వాత. మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరే గానీ కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకు ముందు రాజులు లాగేసుకునేవారు, తాను న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చి శాసనం వేయించింది అక్కడే, 1244లో. మీ పాప వయసుకు ఈ కథ చాలు, గంటసేపు ప్రశ్నలేస్తుంది. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా దారిలోనే తగులుతుంది.

సముద్రంలో దిగే విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగా ఉంటాను. మన తీరంలో కొట్టుకుపోయేవాళ్ళలో చాలామంది లోతుకు వెళ్ళినవాళ్ళు కాదు, నడుము లోతులో నిలబడ్డవాళ్ళు. అలలు ఒడ్డుకు నెట్టిన నీరు మళ్ళీ లోపలికి పోవడానికి ఎక్కడో ఒక సందు చూసుకుంటుంది. ఆ సందులో అలలు విరగవు, నురుగుండదు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలతో వచ్చినవాళ్ళు "ఇక్కడ అలలు తక్కువ" అని సరిగ్గా అక్కడే దిగుతారు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ నున్నగా ఉందంటే అటు పోకండి. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు అసలే వద్దు. పొరపాటున లాగేస్తే ఒడ్డు వైపు ఈదితే అలిసిపోతారు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది ఆ పాయ దాటాలి. వల లాగుతున్న వాళ్ళుంటే ఎక్కడ దిగొచ్చో వాళ్ళనడగండి, వాళ్ళు చూపించిన చోటే దిగండి.

కారును ఇసుకలోకి దించకండి. తారు ఎక్కడ ఆగిందో అక్కడే పార్కింగు. బావగారి కారు ఇసుకలోకి దిగుతుందని నాకెందుకో గట్టి నమ్మకం, కాబట్టి బయటికి తీసే పద్ధతి రాస్తున్నాను. చక్రం ఖాళీగా తిరగడం మొదలైన క్షణమే యాక్సిలరేటరు వదిలేయాలి. ఇంకాస్త తొక్కితే చక్రం ఇసుకను వెనక్కి చిమ్మి తన గొయ్యి తానే తవ్వుకుంటుంది, పది సెకన్లలో కారు పొట్ట ఇసుక మీద ఆనుతుంది, ఆ తర్వాత ట్రాక్టరే దిక్కు. అందరినీ దించి, ముందు చక్రాల ఎదుట ఇసుక చేత్తో తోడి వాలుగా చేసి, రబ్బరు మ్యాట్లు చక్రాల కిందికి తోసి, గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గించి, స్టీరింగు తిన్నగా పెట్టి మెల్లగా కదిలించాలి. గాలి తగ్గితే టైరు కింద వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. తారు ఎక్కిన వెంటనే మళ్ళీ గాలి నింపాలి. అందుకు కారు సాకెట్టుకు తగిలించే చిన్న పంపు డిక్కీలో లేకపోతే గాలి తీసే ప్రయత్నమే చేయొద్దు.

ఇప్పుడు మెట్ట. పాపకు ముందే చెప్పండి: మన దగ్గర ఎడారి లేదు, మెట్ట ఉంది. కానీ వీడియోలో ఆమె చూసిన మార్పు మాత్రం ఉంది. నెల్లూరు నుంచి 67వ జాతీయ రహదారి మీద పడమటికి పొండి. కృష్ణపట్నం రేవు దగ్గర మొదలై ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా రాయలసీమలోకి పోయే రోడ్డిది. ఆత్మకూరు దాకా అక్కడక్కడా వరి మడులు, చెరువులు. మర్రిపాడు దాటాక నేల ఎర్రబడి, చెట్టు పొట్టిదై, వెలికొండలు అడ్డమొస్తాయి. కొండలు దిగితే బద్వేలు వైపు ఇంకో దేశంలా ఉంటుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య వానలు తీరంలోనే చాలావరకు కురిసేసి లోపలికి పోయేకొద్దీ పలుచబడతాయి. నైరుతి వానలకు పడమటి కనుమలు అడ్డం. పెన్న అటునుంచే వస్తుంది. మీరు నదికి ఎదురు వెళుతున్నారని పిల్లలకు చెప్పండి. గండికోట లోయలో వాళ్ళు చూసే నీళ్ళు సోమశిల మీదుగా మీ ఊరి వంతెన కిందికి వచ్చే నదివే.

మూడు దారులు చెబుతాను. ఏది మంచిదో మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

మొదటిది, తీరం ఒక్కటే. రెండు రోజులు, ఒక రాత్రి. తెల్లారగానే బయల్దేరి కావలిలో టిఫిను, సింగరాయకొండలో నరసింహస్వామి గుడి, పక్కనే పాకల, మధ్యాహ్నం భోజనం ఒంగోలులో, చినగంజాం, మోటుపల్లి మీదుగా సాయంత్రానికి ఓడరేవు. రెండో రోజు సముద్రంలో సూర్యోదయం చూసుకుని వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కుని ఇంటికి. అమ్మగారికి ఇదే సుఖం. ఆసుపత్రులు, బంకులు అడుగడుగునా ఉంటాయి. లోటేమిటంటే పాప అడిగిన రెండో సగం ఇందులో లేదు.

రెండోది, మెట్ట ఒక్కటే. మూడు రోజులు, గండికోటలో రెండు రాత్రులు. నెల్లూరు నుంచి 230–250 కి.మీ., ఆగుతూ పోతే ఏడు గంటలు. పొద్దున్నే బయల్దేరడంలో ఇంకో లాభం ఉంది. మీరు పడమటికి పోతున్నారు కాబట్టి సూర్యుడు వీపు వెనకుంటాడు. తిరుగు ప్రయాణం పొద్దెక్కాక, పదిన్నరకల్లా పెట్టుకుంటే ఎదురెండా ఉండదు, చీకటి పడేలోపు ఇల్లూ చేరతారు. దీన్ని తారుమారు చేస్తే పొద్దునా సాయంత్రమూ ఎదురెండ కళ్ళలో పొడుస్తుంది, ఎదురుగా వచ్చే మోటారు సైకిలు కనిపించదు. రెండో రోజు బెలుం గుహలు, 60 కి.మీ. పైచిలుకు. ఉదయం 10 దాకా తెరవరు కాబట్టి గండికోట సూర్యోదయం హాయిగా చూసి, టిఫిను తిని, తీరిగ్గా వెళ్ళొచ్చు. దారంతా నాపరాళ్ళ గనులు, పలకలు మోసే లారీలు. గుహ తొలిచిందీ ఆ నాపరాయినే. నీళ్ళు సున్నపురాయిని కరిగించుకుంటూ పోగా మిగిలిన సొరంగాలవి. మొత్తం 3,229 మీటర్లలో సుమారు కిలోమీటరున్నర మాత్రమే మనం నడవగలిగేది. లోపల ఉక్క ఎక్కువ. కొన్ని చోట్ల వంగి పోవాలి. అట్టడుగున పాతాళగంగ ఉంది, అక్కడి దాకా దిగితే అంతా మళ్ళీ ఎక్కాలి. ఈ దారిలో బ్రహ్మంగారి మఠం కూడా మైదుకూరుకు దగ్గరే కనుక అమ్మగారు అడిగితే మొదటి రోజు ఒక గంటన్నర కలుపుకోవచ్చు.

మూడోది, రెండూ కలిపి. దీనికి అయిదు రోజులు కావాలి, నాలుగు చాలవు. మొదటి రోజు పాకల, కొత్తపట్నం చూసుకుని రాత్రికి ఒంగోలు. రెండో రోజు చీమకుర్తి, పొదిలి, మార్కాపురం, కంభం, గిద్దలూరు, నల్లమల ఘాటు దాటి రాత్రికి నంద్యాల, 210 కి.మీ. చుట్టుపక్కల, మధ్యలో రెండు గంటలు కంభం చెరువు గట్టు మీద. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కట్ట అది, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడాల్లో చేర్చింది. చీమకుర్తి దగ్గర నల్ల గ్రానైటు దిమ్మలు మోసే లారీల వెనక పోకండి, వంద మీటర్లు వదలండి. మధ్యాహ్నం మూడింటికల్లా గిద్దలూరు దాటి ఘాటెక్కాలి. అడవిలో ఫోను సిగ్నలు పోతుంది, అందుకని మ్యాపు ముందురోజే దించుకోండి. ఆలస్యమైతే గిద్దలూరులోనే గది చూసుకుని పడుకోవడం మేలు. మూడో రోజు యాగంటి, బెలుం, గండికోట. నాలుగో రోజు ఎక్కడికీ కదలొద్దు. అయిదో రోజు ఇంటికి. మొత్తం 750 కి.మీ. పైనే. ఈ దారిలో ప్రతి రాత్రీ గది ముందే మాట్లాడుకోవాలి, ఒక్క రోజు జారితే తర్వాతివన్నీ జారుతాయి. అమ్మగారికి రోజూ కొత్త మంచం, కొత్త భోజనం.

నన్నడిగితే ఈ జనవరికి రెండోది, ఫిబ్రవరిలో ఒక శని ఆదివారాలు మొదటిది. మాలకొండను కూడా విడిగా పెట్టుకోండి, ఆ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. మీ డైరీలో మంగళవారం రాసుంది. ఉదయగిరి కోట ఎక్కడానికి పూట పడుతుంది, చిన్నవాడితో అది ఈసారి వద్దు. కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా దాన్ని ముట్టడించి 1514లో గెలిచాడు, మీరు గంటన్నరలో చుట్టేద్దామంటే కుదరదు.

తేదీల గురించి ఒక్కమాట. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మర్నాడు మాత్రం రాష్ట్రమంతా ఒకేసారి కదులుతుంది. భోగికి ముందు రెండు రోజులు, కనుమ తర్వాత రెండు రోజులు జాతీయ రహదారి మీద గంటకు 60 అనే నా లెక్క పనికిరాదు. గండికోటలో గదులు తక్కువ, పండగ సెలవుల్లో అసలు దొరకవు. జనవరి చివరి వారం అయితే రెండు బాధలూ ఉండవు. పిల్లలకు ఒక రోజు బడి పోతే పోనివ్వండి.

అమ్మగారి సంగతి. తీసుకెళ్ళండి, కానీ ఆవిడ దినచర్య మీ దినచర్యతో కట్టేయకండి. గండికోటలో కారు కోట లోపలి ఊరిదాకా పోతుంది. మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఆవిడ మెల్లగా నడిచి చూడగలరు. లోయ అంచుకు మాత్రం ఎగుడుదిగుడు బండల మీద పోవాలి, రెయిలింగు లేదు, అది మోకాళ్ళ నొప్పులవాళ్ళ చోటు కాదు. బాబు చెయ్యి కూడా అక్కడ ఎవరో ఒకరు వదలకుండా పట్టుకోవాలి, ఎవరు పట్టుకోవాలో ముందే చెప్పుకోండి, లేకపోతే ఇద్దరూ రెండోవాళ్ళు పట్టుకున్నారనుకుంటారు. బెలుం రోజు ఆవిడ గదిలోనే విశ్రాంతి తీసుకోవచ్చు, తోడు మీ అక్కగారుంటారా మీ ఆవిడ ఉంటారా అన్నది ముందే తేల్చండి. తేల్చకపోతే అది ఎవరి నెత్తిన పడుతుందో మీకూ నాకూ తెలుసు. ఇంట్లో వదిలి వెళ్ళడం కూడా ఒక దారే. అప్పుడు ఇన్సులిన్ వేసేవాళ్ళు, రాత్రి పడుకునేవాళ్ళు ఎవరో చూడాలి. మీ ఆవిడ ఆ పేరుతో ఆగిపోతే యాత్ర మొత్తానికి అర్థం లేదు.

ఇన్సులిన్‌ను డాష్‌బోర్డులో, డిక్కీలో పెట్టకండి. ఎండలో ఆగిన కారులో వేడి అరగంటలో ఎక్కడికో పోతుంది, మందు పాడైనా చూడ్డానికి తెలియదు. చిన్న ఫ్లాస్కులోనో చల్లటి సంచిలోనో పెట్టి, దిగినప్పుడల్లా చేతిసంచిలో వెంట తీసుకెళ్ళాలి. ఐసుకు నేరుగా తగలనివ్వొద్దు, గడ్డకడితే పారేయాల్సిందే. బీపీ మాత్రల్లో నీరు పోయించేది ఉంటే ప్రయాణం రోజు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడగండి. సూది వేసుకున్నాక భోజనం ఆలస్యం కాకూడదు కాబట్టి బిస్కెట్లు, చక్కెర పొట్లం ఆవిడ ఒళ్ళోనే ఉండాలి. మూడో దారి పట్టుకుంటే నీళ్ళు క్యానుతో తీసుకెళ్ళండి. కనిగిరి, పొదిలి ప్రాంతంలో బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని మీకు తెలిసిందే.

కారు తట్టుకుంటుంది, టైర్లు తట్టుకోవు. 38 వేల కిలోమీటర్లే కదా, గీతలు బాగున్నాయి కదా అని రాశారు. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర ఒక గుళిక ఆకారంలో నాలుగంకెలుంటాయి. 3218 అని ఉంటే 2018లో 32వ వారంలో తయారైందని. లోపలివైపు గోడ మీద ఉంటే కారు కింద పడుకుని చూడాలి. మీవి కారుతో వచ్చినవే అయితే వాటికి ఏడేళ్ళు దాటాయి. గీతలు అరగకపోయినా రబ్బరు ఎండిపోతుంది. వేలితో గోడను నొక్కి వంచి చూడండి, వెంట్రుకంత పగుళ్ళు విచ్చుకుంటాయి. అయిదుగురు, సామాన్లు, మధ్యాహ్నపు తారు, 90 వేగం, పేలేది అప్పుడే. నాలుగూ మార్చండి, స్టెప్నీ మీద అంకెలు కూడా చూడండి, దాన్ని అందరూ మరిచిపోతారు. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. ఎంతన్నది డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. అక్కడ రెండు అంకెలుంటే నిండు బరువుకు రాసింది చూసుకోండి. ఎండకు పేలుతుందని గాలి తగ్గించేవాళ్ళున్నారు, అది తిరకాసు. గాలి తక్కువైతే టైరు గోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా ముడుచుకుంటుంది, ఆ ముడతకే వేడెక్కుతుంది.

కూలెంటు మట్టం చూడండి. తగ్గితే బోరునీళ్ళు పోయకండి, ఉప్పు పేరుకుంటుంది. ఘాటులో వేడి ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, హీటరు పెట్టి, నీడలో ఆపండి. రేడియేటరు మూత మాత్రం అరగంట దాకా ముట్టుకోకండి. బాబును ముందు సీట్లో నానమ్మ ఒళ్ళో కూర్చోబెడతానన్నారు, అది వద్దే వద్దు. గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగుకూ ఆవిడకూ మధ్య నలిగేది వాడే. వెనక సీట్లో బూస్టరు, అంటే పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే సీటు, వేసి బెల్టు పెట్టండి. వాడికి కొండదారిలో వాంతులంటారు కాబట్టి ఆత్మకూరులో పూరీ కాకుండా రెండిడ్లీలు, ఫోను చేతికివ్వకుండా కిటికీ వైపు సీటు.

ఇక బావగారు. "రోడ్లు ఖాళీ" అన్నమాట నిజమే, కానీ ఆ ఖాళీలో వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు ఉంటుంది, తారు వెచ్చగా ఉంటుందని దాని మీదే పడుకున్న బర్రెలుంటాయి. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య నిద్ర ఎవరికైనా ముంచుకొస్తుంది, మీరేమో వెలికొండలు దిగుతుంటారు. ఇదంతా ఆయనతో వాదించకండి. బావమరిది తప్పు చూపిస్తే ఏ బావగారూ ఒప్పుకోరు. "నాకు రాత్రి డ్రైవింగు చేతకాదు బావా, పైగా అమ్మ ఉంది" అని మీ మీద వేసుకోండి, అది అబద్ధం కూడా కాదు. అప్పుడు ఆయనకు రెండు దారులుంటాయి. పొద్దున మీతోపాటు బయల్దేరతారు. లేదా రాత్రే వెళ్ళి గండికోటలో మీకోసం కాచుకుని ఉంటారు. రెండోది ఎంచుకుంటే ఆయన ఇష్టం, అక్కను మాత్రం అడగమనండి. కలిసి వెళితే రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు అంటుకుని పోవద్దు. ముందు కారును పట్టుకోవాలన్న ఆత్రంలోనే ఓవర్‌టేకులు తప్పుతాయి. ఆత్మకూరులో కలుద్దాం, బద్వేలులో కలుద్దాం అనుకుని ఎవరి వేగం వారిది. గదులు, భోజనాల ఏర్పాటంతా ఆయన చేతికివ్వండి. పెత్తనం ఇష్టమైన మనిషికి పని దొరికితే వేగం తగ్గుతుంది.

చివరగా పాప అడిగిన ఫ్లెమింగోలు. అవి మీ దారికి పూర్తిగా ఎదురు దిక్కున, సూళ్ళూరుపేట వైపు ఉంటాయి, అందుకని దాన్ని వేరే ఆదివారం పెట్టండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలం. చీకటితోనే బయల్దేరకండి, తెల్లారాక బయల్దేరినా ఎనిమిదికల్లా నేలపట్టు పక్షుల కేంద్రంలో ఉంటారు. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట వచ్చి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. ఇస్రో గేటు దాకానే పోనిస్తారు. నీళ్ళు లోతుగా ఉన్న ఏడాది ఫ్లెమింగోలు దూరంగా గులాబి గీతలాగే కనిపిస్తాయి, కాబట్టి ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ అడిగి తీసుకెళ్ళండి. కారు రోడ్డు అంచు నుంచి కిందికి దించకండి. ఎండిన పైపొర గట్టిగా కనిపిస్తుంది, కింద బురద ఉంటుంది.